గంగమ్మకు సంధ్యాహారతి

నదిని దేవతగా కొలిచే ఆచారం భారతదేశంలో ఎంతో పాతది. ఆ దేవతకు ప్రతి సాయంత్రం ఒడ్డున నిలిచి, వేల మంది చూస్తుండగా దీపాలతో హారతి పట్టే వేడుక మాత్రం, నేడు కనిపించే రూపంలో, అంత పాతది కాదు. కాశీలోని దశాశ్వమేధ ఘాట్‌లో జరిగే గంగా హారతి ప్రస్తుత రూపాన్ని సంతరించుకున్నది 1990 దశకంలోనే కాగా, హరిద్వార్‌లోని హర్ కీ పౌడీ వద్ద జరిగే హారతి నిర్వహణకు 20వ శతాబ్దపు తొలి దశకాల నాటి చరిత్ర ఉంది. అయితే ఆ వేడుకలో వాడే దీపం, ధూపం, శంఖం, చామరం, పువ్వు వీటిలో ఏ ఒక్కటీ కొత్తది కాదు. గర్భగుడిలోనూ ఇంట్లోని దేవుడి గూటి ముందూ తరతరాలుగా సాగుతున్న ఉపచారాలే ఆరుబయటికి, మెట్ల మీదికి, అందరి కళ్ల ముందుకు వచ్చాయి. హారతి అసలు ఎవరికి, ఎందుకు ఇస్తారో తెలుసుకుంటే, ఒక నదికి హారతి పట్టడంలో ఎంత గొప్ప భావన దాగి ఉందో, ఆ వేడుకకు వెళ్లి చేతులు జోడించినవారి మీద ఎంత బాధ్యత పడుతుందో తేటతెల్లమవుతుంది.

క్షేమం కోరే దీపం

ఇంటికి వచ్చిన గౌరవనీయుడైన అతిథికి చేసే మర్యాదలనే దేవుడికీ చేయడం హిందూ పూజావిధానానికి మూలసూత్రం. ఆవాహనంతో మొదలై ఆసనం, పాద్యం, అర్ఘ్యం, స్నానం, వస్త్రం, గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం మీదుగా సాగే ఈ పదహారు మర్యాదలను షోడశోపచారాలు అంటారు. సంప్రదాయాన్ని బట్టి వరుసలో కొద్దిపాటి తేడాలున్నా, చివరి అంచెలో వచ్చే ముఖ్యమైన ఉపచారం నీరాజనం, అంటే వెలుగుతున్న దీపాన్ని గాని కర్పూరాన్ని గాని దేవుడి ఎదుట వలయంగా తిప్పడం. వ్యవహారంలో హారతి అనేది దీన్నే.

ఈ నీరాజనం ఆలయ పూజకే పరిమితమైన విధి కాదు. రాజుల కాలంలో యుద్ధయాత్రలకు ముందు ఏనుగులకు, గుర్రాలకు, ఆయుధాలకు శాంతి కోసం నీరాజనం జరిపే ఆచారం ఉండేది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఆశ్వయుజ మాసంలో గుర్రాలకు చేసే నీరాజనాన్ని పేర్కొనగా, 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఈ విధికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఏ కీడూ తాకకుండా, ఏ దృష్టీ సోకకుండా కాపాడడమే దాని ఉద్దేశం. తెలుగు ఇళ్లలో నేటికీ కొత్త దంపతులు గడప దాటే ముందు పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో హారతి ఇవ్వడం, సీమంతంలో ముత్తయిదువలు హారతి పాట పాడడం, పురిటి నుంచి వచ్చిన తల్లీబిడ్డలకు దిష్టి తీయడం ఆ భావనకు కొనసాగింపే.

దీన్నిబట్టి హారతి కోరికలు విన్నవించుకునే ఘట్టం కాదని, హారతి అందుకునేవారి క్షేమాన్ని ఇచ్చేవారు కోరుకునే ఘట్టమని గ్రహించవచ్చు. సర్వరక్షకుడైన భగవంతునికే భక్తుడు శుభం కోరడం వైష్ణవ సంప్రదాయంలో మంగళాశాసనంగా ప్రసిద్ధి. స్వామి సౌందర్యానికి ఎవరి దృష్టి తగులుతుందోనని కలతపడి ఆయనకే పల్లాండు పాడిన పెరియాళ్వారు ఈ భావానికి పరమోదాహరణ. గంగాతీరంలో దీపం ఎత్తినప్పుడు భక్తుడు నదికి చెప్పే మాట కూడా అదే: తల్లీ, నీకు ఏ కీడూ కలగకూడదు.

సంధ్యవేళే ఎందుకు

పగలూ రాత్రీ కలిసే సమయం సంధ్య. ఆ వేళ మనస్సును ఒకచోట నిలపాలని, నీటిని దోసిట పట్టి సూర్యునికి అర్ఘ్యం వదలాలని సంధ్యావందన విధి చెబుతుంది. ఆ విధికి నదీతీరాన్ని ఉత్తమమైన చోటుగా పెద్దలు భావించడంతో, తీర్థక్షేత్రాల్లో సాయంత్రానికి జనం మెట్ల మీదికి చేరడం పూర్వం నుంచీ ఉన్నదే. ఒక్కొక్కరు విడివిడిగా చేసుకునే ఆ ఉపాసనకు సామూహిక రూపం ఇచ్చిందే నేటి హారతి.

కాశీ విషయంలో నేల అమరిక కూడా ఈ వేడుకకు తోడైంది. హిమాలయాల నుంచి దిగి తూర్పు సముద్రం వైపు సాగే గంగ ఈ ఊరి దగ్గర ఉత్తర దిక్కుకు మళ్లుతుంది. అందుకే ఇక్కడి గంగను ఉత్తరవాహిని అని ప్రత్యేకంగా పూజిస్తారు. సుమారు 84 ఘాట్లు పశ్చిమ తీరంలోనే వరుసగా తూర్పుముఖంగా ఉన్నాయి, ఎదుటి ఒడ్డు దాదాపు నిర్మానుష్యమైన ఇసుకతిన్నె. ఉదయం సూర్యుడు నది మీదుగా నేరుగా మెట్లను తాకితే, సాయంత్రం అతడు ఊరి వెనుక, ఎత్తైన కట్టడాల చాటున అస్తమిస్తాడు. మెట్ల మీద నీడలు తొందరగా పరుచుకుంటాయి. ఎదురుగా మరో ఊరి దీపాల సందడి లేని ఆ చీకట్లో హారతి వెలుగు ఒక్కటే నీళ్ల మీద పడుతుంది.

దశాశ్వమేధంలో ఒక సాయంత్రం

బ్రహ్మదేవుడు పది అశ్వమేధ యాగాలు చేసిన స్థలమని స్థలపురాణం చెప్పే దశాశ్వమేధ ఘాట్ కాశీలోని అతిముఖ్యమైన తీర్థాల్లో ఒకటి. ఇప్పటి రాతి మెట్ల నిర్మాణంలో 18వ శతాబ్దపు మరాఠా పాలకుల చేయి ఉంది. ఇక్కడ హారతి వేసవిలో దాదాపు ఏడు గంటలకు, చలికాలంలో ఆరు గంటల ప్రాంతంలో మొదలై, ముప్పావు గంట వరకు సాగుతుంది. నీటి అంచున వరుసగా అమర్చిన ఎత్తు పీటల మీద, పట్టుబట్టలు కట్టుకున్న ఏడుగురు అర్చకులు నదికి అభిముఖంగా నిలబడతారు. వీరిలో చాలామంది యువకులే. అందరి చేతులూ ఒకే లయలో కదలాలంటే సాధన ఎంతో అవసరం.

శంఖారావంతో వేడుక ఆరంభమవుతుంది. గంగాపూజ, సంకల్పం ముగిశాక మొదట అగరువత్తులు, ఆ తర్వాత గుగ్గిలం పొగలు చిమ్మే ధూపపాత్ర, అటుపైన అంతస్తులుగా పేర్చిన వత్తులతో వెలిగే పెద్ద దీపారాధన, దాని వెనుక నాగపడగ ఆకారపు పిడితో కూడిన కర్పూరహారతి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ప్రతి ఉపచారాన్నీ అర్చకుడు ముందు నదికి చూపి, తర్వాత మిగిలిన దిక్కులకు తిరిగి చూపుతాడు. కుడిచేత దీపం తిరుగుతుంటే ఎడమచేతి గంట ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చివర్లో చామరంతోను, నెమలిపింఛపు వింజామరతోను విసిరి, పువ్వులు సమర్పించి ముగిస్తారు. గంధం పృథివికి, పుష్పం ఆకాశానికి, ధూపం వాయువుకు, దీపం అగ్నికి, నైవేద్యం జలతత్త్వానికి ప్రతీకలని పూజాశాస్త్రం చెబుతుంది. పంచభూతాల్లో ఒకటైన నీటికి మిగిలిన భూతాలన్నీ కలిసి చేసే సేవగా ఈ ఉపచారాలను ఊహించుకుంటే, హారతి వరుసలోని అందం మరింత బోధపడుతుంది.

దూరం నుంచి తేలికగా కదిలినట్టు కనిపించే ఆ దీపం నిజానికి చాలా బరువైన ఇత్తడి సామాను. నేతిలో తడిసిన పత్తివత్తులు పదుల సంఖ్యలో ఒకేసారి మండుతుంటే వేడి పిడిదాకా పాకుతుంది. హరిద్వార్‌లో అర్చకులు తడిగుడ్డ చుట్టుకుని గాని ఆ పెద్ద దీపాలను పట్టుకోరు. నది మీది గాలికి మంట ఒక పక్కకు ఒరిగినప్పుడు మణికట్టును అందుకు తగినట్టు తిప్పుతూ, లయ తప్పకుండా, నెయ్యి ఒలకకుండా వలయం పూర్తి చేయడం దగ్గరగా గమనించినవారికి ఇది ప్రదర్శన మాత్రమే కాదని, చేతితో చేసే కఠినమైన సేవ అని తెలుస్తుంది.

ఈ సేవ ఆటంకాలకు తలవంచలేదు. వానాకాలంలో గంగ పొంగి మెట్లన్నీ మునిగిపోతే అర్చకులు పైమెట్లకు, అవీ మునిగితే ఘాట్‌ను ఆనుకున్న మేడ మీదికి వెళ్లి హారతి ఇస్తారు. 2010 డిసెంబరు 7న హారతి వేళ పక్కనే ఉన్న శీతలా ఘాట్‌లో బాంబు పేలి ఒక పసిపాప ప్రాణాలు కోల్పోగా, పలువురు గాయపడ్డారు. ఆ దుర్ఘటన తర్వాత భద్రత పెరిగింది గాని హారతి నిలిచిపోలేదు. 2020లో కరోనా కారణంగా జనాన్ని అనుమతించని రోజుల్లో, చూసేవారు లేకపోయినా, లాంఛనంగానైనా దీపం వెలిగింది. నది ఉన్నంతకాలం సేవ ఉండాలన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది.

ధార కోసం నిలిచిన హరిద్వార్

కాశీ హారతి చూపరులను ఆకట్టుకుంటే, హరిద్వార్ హారతి వెనుక ఆలోచింపజేసే చరిత్ర ఉంది. హర్ కీ పౌడీలోని బ్రహ్మకుండం కుంభమేళా స్నానాలకు కేంద్రం. హరిద్వార్ వద్ద గంగనీటిని మళ్లించి, ఉత్తరాది పొలాలకు అందించే గంగా కాలువ 1854లో ప్రారంభమైంది. 20వ శతాబ్దపు రెండో దశకంలో ఆనాటి ప్రభుత్వం భీమ్‌గోడా దగ్గర కొత్త ఆనకట్ట నిర్మాణానికి పూనుకోగా, ఘాట్‌కు చేరే నీరు సహజంగా పారే గంగ కాక, తలుపుల మీద ఆధారపడ్డ కాలువగా మారిపోతుందని తీర్థపురోహితులు, భక్తులు ఆందోళన చెందారు. పండిత మదనమోహన మాలవీయ ఆ ఉద్యమానికి నాయకత్వం వహించారు. సంస్థానాధీశులు, అధికారులు, హిందూ ప్రతినిధులు కూర్చుని జరిపిన చర్చల ఫలితంగా 1916 డిసెంబరులో, హర్ కీ పౌడీకి అడ్డులేని ధార ఎప్పటికీ అందేటట్టు ఒప్పందం కుదిరింది. అక్కడి హారతిని, తీర్థ నిర్వహణను నేటికీ చూస్తున్న గంగా సభ కూడా మాలవీయ చొరవతో ఆ కాలంలోనే వెలిసింది.

నదికి దీపం చూపే సంస్థ, నదికి నీరు దక్కాలని నిలబడిన ఉద్యమం ఒకే చోట, ఒకే కాలంలో పుట్టడం కాకతాళీయం కాదు. పారని గంగకు హారతి పట్టి ప్రయోజనం లేదని ఆనాటి పెద్దలు గుర్తించారు. హారతికి ముందు అక్కడ చేరిన భక్తుల చేత గంగను మలినం చేయబోమని చేతులెత్తించి ప్రతిజ్ఞ చేయించే పద్ధతి కూడా ఆ స్ఫూర్తికి తగినదే.

తెలుగువారి అనుబంధం

గంగతో తెలుగువారి అనుబంధం యాత్రలతోనే ఆగలేదు. కోనసీమలోని ముంగండ గ్రామానికి చెందిన వంశంలో పుట్టి, 17వ శతాబ్దంలో షాజహాన్ ఆస్థానంలో పండితరాజ బిరుదు పొందిన జగన్నాథుడు రచించిన గంగాలహరి, గంగను గురించి సంస్కృతంలో వెలసిన స్తోత్రాల్లో అగ్రశ్రేణిలో నిలుస్తుంది. ఆయన కాశీలో ఘాట్ పైమెట్టు మీద కూర్చుని ఒక్కొక్క శ్లోకం చదువుతుంటే గంగ ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చిందన్న కథ ఉత్తరాదిన కూడా ప్రచారంలో ఉంది. చెన్నపట్నం నుంచి 1830లో బయలుదేరి 1831లో తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామి రాసిన కాశీయాత్ర చరిత్ర, తెలుగువారి గంగాయాత్ర ఆ కాలంలో ఎంత శ్రమతో కూడుకున్నదో తెలిపే తొలి తెలుగు యాత్రాగ్రంథాల్లో ఒకటి. కేదార ఘాట్, మానససరోవర ఘాట్ పరిసరాల్లో తెలుగు సత్రాలు, ఆశ్రమాలు నేటికీ యాత్రికులకు ఆశ్రయమిస్తున్నాయి.

బృహస్పతి ఒక్కొక్క రాశిలో ప్రవేశించినప్పుడు ఒక్కొక్క నదికి, పన్నెండేళ్లకోసారి, పన్నెండు రోజులపాటు జరిపే పుష్కరాలు తెలుగునాట విశేషంగా పాటించే పర్వం. 2023 గంగా పుష్కరాలకు కాశీలో ఎటు చూసినా తెలుగే వినిపించింది. గంగా హారతి ప్రభావం తెలుగు నదుల మీద కూడా పడింది. రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి, 2016 కృష్ణా పుష్కరాల నాడు పట్టిసీమ ద్వారా వచ్చిన గోదావరి నీరు కృష్ణలో కలిసే ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర ఇచ్చిన కృష్ణా హారతి అందుకు నిదర్శనాలు. ఇక్కడ ఉత్తరాది పద్ధతికి ఆగమ సంప్రదాయం తోడైంది: కాశీలో ధూపం, దీపం, కర్పూరం ప్రధానమైతే, తెలుగునాట ఆలయాల్లో వాడే పంచహారతి, నాగహారతి, కుంభహారతి, నక్షత్రహారతి వంటి ఆకృతిభేదాలున్న హారతులను వరుసగా ఇస్తారు. హారతి ఉత్సవం కొత్తదే కావచ్చు గాని, నీళ్లకు దీపం సమర్పించడం తెలుగు స్త్రీలకు కొత్త కాదు. కార్తిక మాసంలో తెల్లవారుజామునే చన్నీటి స్నానం చేసి అరటి దొప్పల్లో దీపాలు వదలడం, మాసం ముగిసిన మరునాడు పోలి స్వర్గం పేరుతో ఏటికో చెరువుకో దీపాలు పంపడం ఊరూరా ఉన్న ఆచారాలే.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

కాశీలో హారతి చూడదలచినవారు మెట్ల మీద చోటు కావాలంటే కనీసం గంట ముందుగా చేరుకోవడం మేలు. కార్తిక పౌర్ణమి నాడు జరిగే దేవ దీపావళికి మధ్యాహ్నం నుంచే ఘాట్లు నిండిపోతాయి. మెట్ల మీద కూర్చుంటే మంత్రం, గంట, ధూపం దగ్గరగా అనుభవానికి వస్తాయి. పడవలో కూర్చుంటే అర్చకుల ముఖాలు, వరుస దీపాలు ఎదురుగా కనిపిస్తాయి. పడవ ఎక్కేవారు కిరాయి ముందే మాట్లాడుకోవాలి, రక్షణ జాకెట్ అడిగి వేసుకోవాలి, పరిమితికి మించి జనం ఎక్కిన పడవను వదులుకోవాలి. వృద్ధులు, పిల్లలు తోడున్నవారు జనం ఒక్కసారిగా లేచే ముగింపు క్షణాల్లో తొందరపడకుండా కూర్చుని ఉండి, దారి పలచబడ్డాక బయలుదేరడం క్షేమం; 2015 గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరంలో జరిగిన తొక్కిసలాటను తెలుగువారు మరువరాదు.

హారతి చూడడానికి రుసుమేమీ లేదు. పళ్లెంలో వేసే కానుక ఎవరి శక్తి, ఇష్టం కొద్దీ ఇచ్చేదే. ఎవరైనా పూజ చేయిస్తామని వెంటపడితే, ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి, అక్కర్లేదనుకుంటే మర్యాదగా నమస్కరించి తప్పుకోవాలి. హారతి పళ్లెం దగ్గరకు వచ్చినప్పుడు రెండు అరచేతులూ మంట మీద చూపి కళ్లకద్దుకుంటారు. నీళ్లలో దీపం వదలదలచినవారు ఆకు దొప్పలో, పువ్వు, నేతివత్తి మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకోవాలి. థర్మాకోల్, ప్లాస్టిక్ గిన్నెలు నదిలో ఏళ్ల తరబడి మిగిలిపోతాయి.

హారతి పూర్తయ్యేది ఎప్పుడు

గంగ పవిత్రత మీద విశ్వాసం ఎంత గట్టిదైనా, గంగ నీటి నాణ్యత వేరే లెక్కతో తేలే విషయం. స్నానానికి వాడే నదీజలంలో మలసంబంధ కోలిఫాం సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండడం కోరదగినదని, 2500 గరిష్ఠ పరిమితి అని మన దేశంలో ప్రమాణాలు నిర్ణయించారు. నగరాల మురుగు శుద్ధి కాకుండా కలిసే చోట్ల ఈ పరిమితి దాటిపోతుంది. కాశీకి వారణాసి అన్న పేరు తెచ్చాయని చెప్పే వరుణ, అసి నదుల్లో అసి చాలాకాలంగా మురుగుకాలువగా మారిపోవడమే ఈ దుస్థితికి సాక్ష్యం. గంగా కార్యాచరణ ప్రణాళికను 1986లో అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ కాశీలోనే, దశాశ్వమేధాన్ని ఆనుకున్న రాజేంద్రప్రసాద్ ఘాట్‌లోనే ప్రారంభించారు. 2014లో 20,000 కోట్ల రూపాయల అంచనాతో నమామి గంగే కార్యక్రమం వచ్చింది. శుద్ధి కేంద్రాలు పెరిగినా, పెరుగుతున్న నగరాల మురుగుతో పోటీ ఇంకా ముగియలేదు.

ఈ విషయంలో ఆదర్శంగా చెప్పుకోదగినవారు సంకట మోచన ఆలయ మహంతుగా, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్ ఇంజనీరింగ్ ఆచార్యులుగా రెండు బాధ్యతలూ నిర్వహించిన వీరభద్ర మిశ్ర. ఆయన నిత్యం గంగాస్నానం చేసే భక్తుడు. ఆ నీటినే ప్రయోగశాలలో పరీక్షించి, ఫలితాలను నిర్మొహమాటంగా ప్రకటించిన శాస్త్రవేత్త. 1982లో సంకట మోచన్ ఫౌండేషన్ స్థాపించి, 2013లో మరణించేవరకు గంగ శుద్ధి కోసం పాటుపడ్డారు. నమ్మకానికీ శాస్త్రానికీ ఆయన జీవితంలో తగవు రాలేదు. తల్లి అని నమ్మినవాడికే ఆమె జబ్బు ముందుగా కనబడాలని ఆయన చేతల్లో చూపారు.

గర్భగుడిలో అర్చకుడు ముందు స్నానం చేయించి, శుభ్రమైన వస్త్రం కట్టి, ఆ తర్వాతే హారతి ఇస్తాడు; మలినంగా ఉన్న మూర్తికి నేరుగా దీపం చూపడం ఏ ఆగమమూ ఒప్పుకోదు. నది విషయంలోనూ ఉపచారాల వరుస అదే కావాలి. మురుగును ఆపే నగరపాలక సంస్థ, వ్యర్థాలను శుద్ధి చేసే కర్మాగారం, ప్లాస్టిక్ దొప్ప కొనని యాత్రికుడు, పువ్వులను నీళ్లలో పారేయకుండా ఎరువుగా మార్చే ఆలయం ఇవన్నీ ఆ పూజలో భాగస్వాములే. గోదావరికి 2027లో మళ్లీ పుష్కరాలు రానున్నాయి; ఆ లోగా రాజమహేంద్రవరం మొదలుకొని బాసర దాకా ఒడ్డున ఉన్న ప్రతి ఊరూ తన మురుగు నదిలో కలవకుండా చూసుకుంటే, పుష్కర ఘాట్‌లో ఎత్తే దీపం కోరే క్షేమం నదికి నిజంగానే అందుతుంది.